భీమవరంలో చేతుల ఫిజియోథెరపీ: బాక్సర్ తమ్ముడున్న ఒక అక్క రాస్తున్న సమీక్ష

భీమవరంలో చేతులకు మాత్రమే చికిత్స చేసే ఫిజియోథెరపీ గది ఒకటి ఉంది. మా తమ్ముడు ప్రొఫెషనల్ బాక్సర్. రెండు చేతులూ దెబ్బతిన్నాక అక్కడికి వెళ్ళాడు, ఇప్పటికీ వెళుతున్నాడు. పక్కన కూర్చుని నేను చూసినదంతా ఇక్కడ రాస్తున్నాను. గోదావరి జిల్లాల్లో బాక్సింగ్ నేర్చుకుంటున్న పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ, శిక్షకులూ ముందుగా చదవాలి. చేతి పని మీద బతికేవాళ్ళకు కూడా ఇందులో పనికొచ్చే సంగతులు ఉన్నాయి. పేరు మాత్రం రాయవద్దని థెరపిస్టు గారు కోరారు. ఆవిడ ఒక్కరే చూస్తారు, జనం పెరిగితే ఒక్కొక్కరికి ఇచ్చే సమయం తగ్గిపోతుందని ఆవిడ బెంగ. భీమవరంలో ఎముకల డాక్టర్లను అడిగితే దారి చెబుతారు.

నా తీర్పు ముందే చెబుతాను. పెట్టిన డబ్బుకూ చేసిన ప్రయాణానికీ పూర్తిగా తగిన చోటు ఇది. అక్కడికి వెళ్ళాక మీ వాడు మళ్ళీ పోటీలు గెలిచాడా అని చాలామంది అడుగుతున్నారు. గెలవలేదు. ఆ చేతులతో ఇక పై స్థాయిలో ఆడడం కుదరదని మొట్టమొదట స్పష్టంగా చెప్పింది అక్కడే. డాక్టర్లు చూశారు, శిక్షకులు చూశారు, పోటీ నిర్వాహకులు చూశారు. ఆ మాట అంతకుముందు ఒక్కరి నోటా రాలేదు.

నాది నరసాపురం. లేసు పని చేయిస్తాను. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటి దగ్గర కూర్చుని అల్లే ఆడవాళ్ళకు దారం ఇచ్చి, అల్లిన ముక్కలు తీసుకుని, కొలిచి, కూలి లెక్క కడతాను. ఏళ్ళ తరబడి అల్లినవాళ్ళలో బొటనవేలి మొదట్లో నొప్పి లేనివాళ్ళు మా దగ్గర అరుదు. చెయ్యి అరిగిపోవడం ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బాక్సర్ చెయ్యి చెడిపోయే తీరు మాత్రం వేరు. అది అర్థం కాకపోతే ఈ సేవ విలువ కూడా అర్థం కాదు, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

తమ్ముడు పదో తరగతి అయ్యాక విశాఖపట్నం వెళ్ళి బాక్సింగ్ నేర్చుకున్నాడు. విజేందర్ సింగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు వాడు చిన్నవాడు. అదే విజేందర్ 2015లో ప్రొఫెషనల్‌గా మారి, 2016 జూలైలో ఢిల్లీలో కెర్రీ హోప్‌ను ఓడించాడు. ఆ పోటీ టీవీలో చూసిన రాత్రి మా వాడు నిద్రపోలేదు. తనకూ అదే దారి అనుకున్నాడు. ఒలింపిక్స్ లాంటి అమెచ్యూర్ పోటీల్లో తన బరువుకు 10 ఔన్సుల గ్లవ్స్, మూడు రౌండ్లు. ప్రొఫెషనల్‌లో అదే బరువుకు 8 ఔన్సుల గ్లవ్స్, అంటే దాదాపు 227 గ్రాములు. రౌండ్లు నాలుగుతో మొదలై, పైకి వెళ్ళేకొద్దీ ఆరు, ఎనిమిది, పది, పన్నెండు. మెత్త తగ్గుతుంది, గుద్దులు పెరుగుతాయి. పైగా నెల జీతం ఉండదు. ఆడితేనే డబ్బు. చెయ్యి విరిగి ఇంట్లో కూర్చున్న నెలలకు ఎవరూ రూపాయి ఇవ్వరు.

మొదటి దెబ్బ కుడి చేతికి. ఎదుటివాడు తల దించాడు, గుద్దు నుదుటి మీద పడింది, చూపుడు వేలి కింద అరచేతిలో ఉండే మెటాకార్పల్ ఎముక విరిగింది. కోపంలో గోడను గుద్దేవాళ్ళకు ఎక్కువగా విరిగేది చిటికెన వేలి వైపు ఎముక. శిక్షణ పొందినవాడు చూపుడు వేలు, మధ్యవేలు మెటికలతో కొడతాడు కాబట్టి అదురంతా ఆ రెండు ఎముకల మీదుగా మణికట్టుకు వెళుతుంది. చిటికెన వేలి ఎముక మొదట్లో కొంత కదలిక ఉంటుంది. ఈ రెండింటికీ ఆ వెసులుబాటు దాదాపు లేదు. కదలని కీలు మీద ఏళ్ళ తరబడి బలం పడితే ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు సాగుతాయి. ఇదంతా నాకు భీమవరంలో తెలిసింది. అంతకుముందు ఒక పెద్ద నగరంలోని ఆసుపత్రిలో కట్టు విప్పిన రోజున ఎక్స్-రే చూసి, "ఎముక అతికింది, ఇక ఆడుకోవచ్చు" అని పంపేశారు. వేళ్ళు ఎంతవరకు ముడుచుకుంటున్నాయో, పట్టు ఎంత మిగిలిందో ఎవరూ కొలవలేదు. మెటాకార్పల్ నాలుగు నుంచి ఆరు వారాల్లో అతుకుతుందన్నది నిజమే. గ్లాసు పట్టుకోవడానికి సరిపోయే అతుకు, మనిషి తలను గుద్దడానికి సరిపోతుందా?

రెండోసారి అదే చేతికి మధ్యవేలి మెటిక దగ్గర. వేలిని చాపే టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిదాన్ని, మెటిక నడిమధ్యన నిలిపి ఉంచే సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. అది చిరిగితే పిడికిలి బిగించిన ప్రతిసారీ టెండన్ పక్కకు జారుతుంది, కంటికే కనిపిస్తుంది. అది చిరిగి ఉండగానే తరువాతి పోటీకి ముందు ఒక నిర్వాహకుడు ఎవరినో పిలిపించి నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ వేయించాడు. ఆ రాత్రి మా వాడు గెలిచాడు. మర్నాడు మూడు వేళ్ళు కదపలేకపోయాడు. ఆ ఇంజెక్షన్ గురించి రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నొప్పి తెలియని చేత్తో కొట్టేవాడికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఆగాల్సిన చోటు చెప్పడానికే కదా నొప్పి ఉన్నది!

ఆ తరువాత పతనం మెల్లగా వచ్చింది. బయటివాళ్ళు గమనించలేదు, మాకు ఇంట్లో తెలిసేది. కుడి చేత్తో కొట్టే ముందు భుజం ఒక్క క్షణం ఆగేది. ఆ క్షణం చాలు, ఎదుటివాడు ముందే కొట్టడానికి. అందుకని ఎడమ చేతి జాబ్‌తోనే, అంటే చెయ్యి చాచి కొట్టే సూటి గుద్దుతోనే, నెట్టుకొచ్చాడు. రెండు పోటీల్లో ఆ ఎత్తు పనిచేసింది. తరువాత ఎదుటివాళ్ళ శిక్షకులు వీడియోలు చూసి పసిగట్టారు. వీడి కుడి చెయ్యి రాదని తెలిశాక వాళ్ళు ధైర్యంగా మీదికి రావడం మొదలుపెట్టారు. రెండు చేతుల పని ఒకటే చేసేసరికి ఎడమ చేతికి కూడా మణికట్టు పైన గట్టి ఎముక బొడిపె లేచింది, లిగమెంట్లు వదులయ్యాయి. పోస్టర్లో పేరు కిందికి జారింది, అక్షరాల సైజు తగ్గింది. ఎనిమిది రౌండ్ల నుంచి ఆరుకు, ఆరు నుంచి నాలుగుకు. చివరికి ఎవరో కొత్త కుర్రాడి రికార్డులో ఒక గెలుపు చేర్చడానికి వారం ముందు ఫోను చేసి పిలిచేవాళ్ళు. వాడు వెళ్ళేవాడు. అమ్మ వద్దంటే, "ఒక్క మంచి పోటీ పడితే మళ్ళీ పైకి వస్తానమ్మా" అనేవాడు.

వాడికి ఆశ పెట్టిన మనిషి అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్. మేవెదర్ చేతులు కూడా సున్నితమైనవే. 2001 మేలో కార్లోస్ హెర్నాండెజ్‌ను ఎడమ చేత్తో కొట్టి, ఆ నొప్పికి తట్టుకోలేక చెయ్యి నేలకు ఆనిస్తే రెఫరీ దాన్ని నాక్‌డౌన్‌గా, అంటే కింద పడినట్టుగా, లెక్కించాడు. అయినా ఆ పోటీ గెలిచాడు, ఆ తరువాత ఒక్కటీ ఓడకుండా రిటైర్ అయ్యాడు. మా వాడు ఈ కథ అందరికీ చెప్పేవాడు. నేను జపాన్ బాక్సర్ నవోయా ఇనోవే గురించి చదివి వాడికి చెప్పాను. 2014 డిసెంబరులో నర్వాయెజ్‌ను ఓడించేటప్పుడు కుడి చెయ్యి దెబ్బతింటే, ప్రపంచ టైటిల్ అప్పుడే గెలిచినవాడు కూడా శస్త్రచికిత్స చేయించుకుని దాదాపు ఏడాది రింగు ఎక్కలేదు. 2015 డిసెంబరు చివర్లో వచ్చి గెలిచాడు. ఏడాది కూర్చోబెట్టి పోషించే వ్యవస్థ అతని వెనక ఉంది. మన ప్రొఫెషనల్ బాక్సర్ల వెనక ఉన్నది ఇల్లు, ఇంటివాళ్ళ సంపాదన. ఇక ఆస్ట్రేలియా బాక్సర్ జెఫ్ ఫెనెక్ ఆడిన రోజుల్లో మూడు బరువుల్లో ప్రపంచ చాంపియన్, చేతులు పదేపదే విరిగినవాడు. 1991లో ఘనా బాక్సర్ అజుమా నెల్సన్‌తో లాస్ వేగాస్‌లో డ్రా అయిన పోటీని 2022లో ఫెనెక్ గెలుపుగా మార్చింది ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్. ముప్పై ఏళ్ళ తరువాత బెల్టు వచ్చింది. ఆ చేతులు మాత్రం మళ్ళీ అప్పటిలా రాలేదు.

ఇక ఆ గది సంగతి. మేడ మీద ఉంది, ఒకటే పెద్ద హాలు. గోడ పొడుగునా బల్ల, దాని మీద మైనపు తొట్టె, వేడి నీళ్ళ తొట్టె, వేళ్ళ వ్యాయామానికి పిసికే మెత్తని ముద్దల (పుట్టీ) రంగు రంగుల డబ్బాలు. ఎదురుగా కుర్చీలు. పక్కవాళ్ళ చేతులు మనకు, మన చేతులు పక్కవాళ్ళకు కనిపిస్తాయి. కొబ్బరి ఒలుపులో వేలు తెగి టెండన్ కుట్టించుకున్న కూలీ రావులపాలెం వైపు నుంచి వస్తాడు. రొయ్యల చెరువు మీద నీళ్ళకు గాలి కలిపే ఏరియేటర్ యంత్రం బెల్టులో వేళ్ళు నలిగిన కుర్రాడు ఉంటాడు. మా లేసు పనివాళ్ళలాంటి ఆడవాళ్ళు ఉంటారు. బాక్సర్ వచ్చాడని మా వాడికి ప్రత్యేక మర్యాద ఏమీ జరగలేదు, వాడికి అదే నచ్చింది.

మొదటి రోజున గంటకు పైగా కొలతలే. ఒక్కో వేలి ఒక్కో కీలూ ఎంత ముడుచుకుంటోందో కోణమానినితో చూసి రాసుకున్నారు. పట్టు కొలిచే పరికరాన్ని రెండు చేతులతో మార్చి మార్చి పిండించారు. కుడి చెయ్యి 27 కిలోలు. ఆ వయసు మగవాడికి మామూలుగా 45 దాటుతుంది. మా వాడు ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. అన్ని ఎక్స్-రేలు తీసుకున్నాం, అంతమందికి డబ్బు కట్టాం, ఆ అంకె ఎవరూ చెప్పలేదు. తరువాత ఆవిడ వాడి పిడికిలి బిగింపించి, మధ్యవేలి మెటిక మీద తన వేలు ఆనించి, టెండన్ జారే చోటు నాకు కూడా తాకి చూపించారు. "దీనికి ముందు సర్జన్ కావాలి, నేను తరువాత" అన్నారు. తన దగ్గర వారాల తరబడి తిప్పుకుని డబ్బు తీసుకోవచ్చు. అలా చేయలేదు. సర్జన్‌కు రెండు పేజీల ఉత్తరం రాసి ఇచ్చారు. శస్త్రచికిత్స అయ్యాక మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చాం.

దెబ్బతిన్న కీలును కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ అక్కడికక్కడే తయారు చేస్తారు. ప్లాస్టిక్ రేకును కత్తిరించి, వేడి నీళ్ళలో మెత్తబరిచి, చెయ్యి మీద పరిచి అచ్చు తీస్తారు. కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. అంచులు గుచ్చుకుంటే మళ్ళీ వేడి చేసి సరిచేస్తారు. మందుల దుకాణంలో చిన్న, మధ్య, పెద్ద అని దొరికే పట్టీలకూ దీనికీ పోలికే లేదు. మా వాడికి చేసినది మధ్యవేలి మెటికను మాత్రం ఆపి, పక్క వేళ్ళను పని చేయనిచ్చేది. ఆ తరువాత వ్యాయామాలు: వేళ్ళను ముందు కొక్కెంలా వంచడం, తరువాత చదునుగా ముడవడం, ఆ తరువాత నిండు పిడికిలి. చూడడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. రోజుకు చాలాసార్లు చేయాలి. చేశాడో లేదో చేతిని చూడగానే ఆవిడకు తెలిసిపోతుంది.

నాకు బాగా నచ్చినది బరువు యంత్రం పని. ఇంట్లో మనం తూకం చూసుకునే మామూలు యంత్రమే. బల్ల మీద పెట్టి, పిడికిలి మెటికలతో దాని మీద మెల్లగా ఒత్తమంటారు. ఇవాళ అయిదు కిలోలు నొప్పి లేకుండా ఒత్తగలిగితే అదే రాస్తారు. వచ్చే వారం ఇంకొంచెం. నొప్పి మొదలైన అంకె దగ్గర ఆగిపోవాలి, ఒక్క కిలో కూడా దాటనివ్వరు. తలుపులు వేసుకుని సంచిని గుద్ది చూసుకోవడం అలవాటైన వాడికి ఇది నేర్పడం సులభం కాదు.

ఒకరోజు వాడి గ్లవ్స్, చేతి పట్టీలు తెమ్మన్నారు. వాడు ఎప్పుడూ కట్టుకునేలా కట్టుకోమని పక్కన నిలబడి చూశారు. అరచెయ్యి ముడిచి కట్టుకుంటున్నావు, చాపి వేళ్ళు విడదీసి కట్టుకోవాలి, లేకపోతే గ్లవ్ వేసుకున్నాక మెటికల మీద బిగువు తప్పిపోతుంది అన్నారు. మెటికల మీద పొరలు తక్కువ, మణికట్టు మీద ఎక్కువ వేస్తున్నాడని చూపించారు. సాధన గ్లవ్స్ లోపల చెయ్యి పెట్టి, మెటికల చోట మెత్త అణిగిపోయి రేకులా అయిందని చెప్పారు. ఇన్నేళ్ళ శిక్షణలో ఎవరూ చూడని సంగతి, బాక్సింగ్ తెలియని మనిషి చూశారు.

ఇక ఆ మాట. ఆపరేషన్ అయ్యి తిరిగి వచ్చిన రెండో వారానికి కాబోలు, వాడే అడిగాడు: "మేడమ్, మళ్ళీ ఎప్పటికి ఆడవచ్చు?" ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, కాగితం మీద రెండు చేతులూ గీసి చెప్పారు. కుడి చేతి మెటిక కుట్టింది నిలబడవచ్చు. ఎడమ చేతి మణికట్టు దగ్గర వదులైన కీళ్ళకు బాగా నొప్పి ఉంటే ఎముకలను కలిపేసే ఆపరేషన్ ఒకటి ఉంది, దానితో నొప్పి తగ్గవచ్చు. కానీ ఎనిమిది ఔన్సుల గ్లవ్‌తో, ఎదుటివాడి తల మీద, రౌండు తరువాత రౌండు? "బాబూ, ఈ చేతులతో నువ్వు వ్యవసాయం చేయగలవు, బండి నడపగలవు, పిల్లల్ని ఎత్తుకోగలవు. ఆ పోటీలకు ఇవి సరిపోవు. సరిపోతాయని చెప్పి నీ దగ్గర డబ్బు తీసుకోలేను." వాడు ఏమీ అనలేదు. తిరుగు బస్సులో వీరవాసరం దాటాక, "అక్కా, కనీసం ఆవిడ కొలిచి చెప్పింది" అన్నాడు. అంతకుముందు ఓడిన ప్రతిసారీ తప్పు తన ధైర్యంలో ఉందని అనుకునేవాడు. లోపం చేతి కీళ్ళలో ఉందని, దానికి అంకెలు ఉన్నాయని తెలిశాక వాడి ముఖంలో ఏళ్ళుగా ఉన్న బిగువు కొంచెం సడలింది. ఇంకా రిటైర్ అయ్యానని ప్రకటించలేదు. నేను అడగడం లేదు. కుడి చేతి పట్టు 41 కిలోలకు వచ్చింది. లారీ తాళ్ళు బిగించగలుగుతున్నాడు, నొప్పి మందు లేకుండా నిద్రపోతున్నాడు.

లోపాలు కూడా చెప్పాలి. లిఫ్టు లేదు. చెయ్యి మాత్రమే చెడినవాళ్ళకు ఫరవాలేదు, పెద్దవాళ్ళకు మెట్లు కష్టం. చేతికర్ర పట్టుకుని ఎక్కే ఒక ముసలాయనను చూస్తే భయం వేస్తుంది. సమయం ఇచ్చాక కూడా గంట ఆలస్యం మామూలు, ఎందుకంటే ఆవిడ ఎవరినీ తొందరగా లేపరు. కుర్చీలు చాలవు. ఒక్కసారికి 400 రూపాయలు, స్ప్లింట్‌కు మా దగ్గర 1,800 తీసుకున్నారు. కూలీలకు ఇది చిన్న మొత్తం కాదు. కొందరి దగ్గర తగ్గించి తీసుకోవడం చూశాను, కానీ ఎవరికి ఎంతన్నది గోడ మీద రాసి ఉండదు, అడగడానికి మొహమాటపడి మానేసేవాళ్ళు ఉంటారు. రాసి పెడితే బాగుంటుందని ఆవిడతోనే అన్నాను. ఇంకొకటి, వ్యాయామాల కాగితం ఇంగ్లీషులో ఉంది. మా లేసు ఆడవాళ్ళను పంపుదామంటే అదే అడ్డు. నేను తెలుగులో రాసి ఇస్తానన్నాను, ఒప్పుకున్నారు. ఇప్పుడు సగం అయింది.

బాక్సింగ్ పిల్లల తల్లిదండ్రులకు చెప్పేది ఇదే: మొదటి దెబ్బకే వెళ్ళండి, ఎముక అతికిందని ఎవరైనా చెప్పిన మర్నాడు వెళ్ళండి. పట్టు ఎంతో, మెటిక ఎంత బరువు ఆపుతోందో అంకెల్లో రాయించుకుని, ఆ కాగితాన్ని శిక్షకుడికీ నిర్వాహకుడికీ చూపించండి. ఇంజెక్షన్ వేసి ఆడిస్తామని ఎవరైనా అంటే, ఆ కాగితం చేతిలో ఉన్నవాళ్ళు కాదనగలరు.

ఆదివారం సెలవు. నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఉదయమే బయలుదేరితే మేలు, మధ్యాహ్నం తరువాత కొత్తవాళ్ళను చూడరు. పాత ఎక్స్-రేలన్నీ, ఆపరేషన్ కాగితాలు, రోజూ వాడే గ్లవ్స్, చేతి పట్టీలు వెంట తీసుకువెళ్ళండి. గ్లవ్స్ కొత్తవి వద్దు, సాధనలో వాడేవే కావాలి.